అచ్చుకట్లోళ్లు

నాలుగేళ్ల కిందట మా అమ్మాయి కాలేజీ సీటు కోసం కుల ధ్రువీకరణ పత్రం కావలసి వచ్చింది. దరఖాస్తులో కులం అన్న గడిలో 'అచ్చుకట్లవాండ్లు' అని రాసి ఇచ్చాను. కౌంటరు వెనకాల ఉన్నాయన ఆ మాటను రెండుసార్లు కూడబలుక్కుని చదివాడు.

"మీరు పేపర్ల పనిజేస్తరు గదా సార్?"

అవునన్నాను.

"అందుకే అచ్చు అని రాసిండ్రా? ప్రెస్సోళ్లకు గూడ రిజర్వేషన్ ఉంటదా?"

వరసలో నిలబడ్డ వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మంచివాడే. గొంతు తగ్గించి సలహా కూడా ఇచ్చాడు: "తురకల్ల ఇన్ని కులాలేంది సార్? షేక్ అని రాయుండ్రి, జల్ది అయిపోతది." ఆ మాట నిజమే. షేక్ అని రాస్తే పని త్వరగా అవుతుంది. మావాళ్లు సగం మంది అలాగే రాశారు, అలాగే అయిపోయారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అటక మీది ఇనుప సందూకు దించాను. అందులో మా దాదా అచ్చులున్నాయి. ఈ వ్యాసం ఆ సందూకు గురించి.

'అచ్చు' అంటే చదువుకున్నవాళ్లకు పుస్తకం గుర్తొస్తుంది. నేతపని వాళ్లకు మగ్గం మీది దువ్వెన లాంటి పనిముట్టు గుర్తొస్తుంది. మా పేరును అటు లాగి చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. మా ఇంట్లో మాత్రం అచ్చు అంటే ఉక్కు దిమ్మె. దాని నెత్తిన పువ్వో తీగో అక్షరమో లోతుగా చెక్కి ఉంటుంది. దాని మీద రేకు పెట్టి కొడితే రేకు ఆ రూపం ఎక్కించుకుంటుంది. ఉర్దూలో దాన్ని ఠప్పా అంటాం. మా దాదా తెలుగు గిరాకీతో అచ్చు అనేవాడు, మాతో ఠప్పా అనేవాడు. రెండు మాటలూ ఒకే ఇనుము మీద పడేవి.

మేం బాలాపూర్ వాళ్లం. ఇప్పుడు అది హైదరాబాదులో కలిసిపోయిన ఊరు. డేట్‌లైన్‌లో బాలాపూర్ కనిపిస్తే వార్త రెండింట్లో ఒకటై ఉంటుందని మా పేపరు మనుషులందరికీ తెలుసు. ఒకటి వినాయకుడి లడ్డూ వేలం. 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో 30 లక్షలు దాటింది. రెండోది బర్మా నుంచి పారిపోయి వచ్చి ఇక్కడి గుడిసెల్లో తలదాచుకున్న రోహింగ్యాలు. ఈ రెంటికీ నడుమ ఊళ్లో ఇంకో బతుకు ఉండేదని చెప్పినా డెస్క్ మీద వాళ్లు వేసుకోరు. నేనూ డెస్క్ మీద పనిచేసినవాణ్నే, నేనూ వేసుకోలేదు.

దాదా పనిచేసే చోటు ఇంటి ముందరి చప్టా. వేపచెట్టు నీడ. భూమిలో సగం పాతిన మొద్దు, దానిలోకి దిగగొట్టిన దాగలి, పక్కన కుంపటి, తోలు తిత్తి. నా చిన్నప్పటికి తిత్తి పోయి చేత్తో తిప్పే గాలి పంకా వచ్చింది. పని తెల్లారకముందే మొదలయ్యేది, ఎందుకంటే కాలిన రేకు రంగు చీకట్లోనే సరిగా కనిపిస్తుంది. ముదురు ఎరుపు వచ్చిందంటే మెత్తబడినట్టు. ఇంకొంచెం ఆగితే కరిగి ముద్దవుతుంది.

ఇత్తడి గానీ రాగి గానీ రేకును కత్తెరతో గోరు వెడల్పు పట్టీలుగా కోసేవాళ్లు. పట్టీని కుంపట్లో కాల్చి చల్లార్చాలి. అట్లా మెత్తబడిన పట్టీని అచ్చు మీద పరిచి, దాని మీద సీసం బిళ్ల పెట్టేవాడు. ఇదే ఈ పనిలో గుట్టు. సుత్తి దెబ్బ నేరుగా రేకు మీద పడితే రేకు చిరుగుతుంది. సీసం మెత్తనిది కాబట్టి దెబ్బ తిని పరుచుకుంటూ రేకును అచ్చులోని ప్రతి గీతలోకీ తోస్తుంది. ఒక్క దెబ్బ, బరువుగా. చాలకపోతే రెండోది. రేకు వెంట్రుకవాసి జరిగిందా, రెండో దెబ్బకు పువ్వు పక్కన ఇంకో పువ్వు నీడలా పడుతుంది. అట్లాంటి ఉంగరాలు ఒక డబ్బాలో వేసి మళ్లీ కరిగించేవాళ్లు. నాణేలు సేకరించేవాళ్లు ఇట్లా రెండు ముద్రలు పడ్డ నాణేనికి ఎక్కువ డబ్బు ఇస్తారని పెద్దయ్యాక తెలిసి ఆశ్చర్యపోయాను. మా దగ్గర అది తిట్లకు కారణం.

ముద్ర పడ్డాక అంచులు కత్తిరించి, ఆకురాయితో రాసి, గుండ్రని ఇనుప కడ్డీ చుట్టూ కొయ్య సుత్తితో వంచేవాళ్లు. కొసలు కలిసే చోట వెలిగారం అద్ది టంకం. తర్వాత చింతపండు నీళ్లలో ఉడకబెడితే నలుపు పోతుంది. చివర కుంకుడుకాయ నురుగుతో తోమడం. అది ఆడవాళ్ల పని. మా దాదీ, మా అత్తలు చేసేవాళ్లు. వేళ్ల చర్మం ఎప్పుడూ ముడతలు పడి ఉండేది. చేసే పనిలో సగం వాళ్లదే అయినా సంతలో అమ్మేటప్పుడు "సాయిబు ఉంగరాలు" అనేవాళ్లు గానీ బీబీ ఉంగరాలు అని ఎవరూ అనలేదు. సీసం విషమన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అదే చేతులతో రొట్టె తినేవాళ్లం.

ఇదంతా అచ్చు తయారై ఉన్న తర్వాతి పని. అసలు విద్య అచ్చు చెక్కడంలో ఉంది. పాత ఆకురాళ్లు, లారీల కమాన్ పట్టీలు తెచ్చి, ఎర్రగా కాల్చి నెమ్మదిగా బూడిదలో చల్లార్చితే ఉక్కు ఉలికి లొంగుతుంది. చెక్కడం అయ్యాక మళ్లీ కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది. గట్టిపడినది పెళుసు కాకుండా ఇంకోసారి సన్నసెగ చూపాలి. ఆ సెగ తప్పితే పది రోజుల పని ఒక్క దెబ్బకు పగుళ్లిస్తుంది. చెక్కే బొమ్మ తలకిందులుగా ఆలోచించాలి. ఉబ్బి రావలసింది లోతుగా చెక్కాలి, కుడిది ఎడమకు రావాలి. అక్షరాలు కూడా అంతే. కుడి నుంచి ఎడమకు నడిచే ఉర్దూ అచ్చు మీద ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. తెలుగు కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. మా దాదాకు బడి చదువు లేదు. ఉర్దూ కొంత వచ్చు, తెలుగు చదవడం అసలు రాదు. అయినా 'శ్రీ' అనే అక్షరాన్ని తిరగేసి చెక్కేవాడు. ఆ అక్షరాన్ని సరైన వైపు రాయమంటే మాత్రం తడబడేవాడు.

ఏమేం చెక్కేవాడు? నాగపడగ, తామరపువ్వు, ఓం, నెలవంక, 786, జొన్నకంకి, చిలుక. పహాడీ షరీఫ్ ఉర్సుకు నెలవంక, 786. జాతరలకు నాగపడగ. "సాయిబూ, నాగపడగ ఉన్నదా?" అని అడిగి ఏరుకుని వేలికి పెట్టుకుని పోయేవాళ్లు. ఆ పడగ చెక్కిన చెయ్యి ఐదుపూటలా నమాజుకు వజూ చేసుకునే చెయ్యి అని వాళ్లకు తెలుసు. తెలిసి కొనేవాళ్లు. ఊళ్లో వెండి పని అవుసలాయన చేసేవాడు. వెండి మెట్టెలకు పువ్వు కావాలంటే అచ్చు మా ఇంటి నుంచి పోయేది. మొహర్రంలో పీర్లకు రేకు పని పడితే ఆయనే వచ్చి చేసి పోయేవాడు. ఆయనా మా దాదా ఒకరినొకరు 'మామా' అనుకునేవాళ్లు. ఇదేదో గొప్ప మతసామరస్యమని ఈనాడు సభల్లో చెబుతుంటే నాకు ఇబ్బందిగా ఉంటుంది. అది పని. పనిలో ఒకరి చెయ్యి ఒకరికి కావాలి. దాన్ని పండుగ చేసుకోవలసి వచ్చిందంటే అది పోయిందని అర్థం.

బంగారు ఉంగరం మగవాళ్లకు చేసేవాడు కాదు. మనలో అది హరాం. ప్రవక్త వేలికి వెండి ఉంగరం ఉండేదని హదీసుల్లో ఉంది. పరదేశపు రాజులు ముద్ర లేని ఉత్తరం చదవరని చెబితే ఆయన వెండి ఉంగరం చేయించుకున్నారు. మూడు మాటలు మూడు వరసల్లో చెక్కించారు: ముహమ్మద్, రసూల్, అల్లాహ్. ఆ ఉంగరం తర్వాత ఖలీఫాల చేతికి వచ్చి, హజ్రత్ ఉస్మాన్ కాలంలో మదీనాలో ఒక బావిలో పడిపోయింది, ఎంత వెతికినా దొరకలేదు. దాదా ఈ కథ ఎప్పుడు చెప్పినా చివర ఒకే ప్రశ్న వేసేవాడు: "అది చెక్కినోని పేరేందిరా?" ఎవరూ చెప్పలేకపోయేవాళ్లం. ఆయన తృప్తిగా సుత్తి అందుకునేవాడు.

ఈ ప్రశ్న పట్టుకుని నేను చరిత్ర పుస్తకాల్లో చాలా తిరిగాను. నాణేలు చూసి రాజుల పేర్లు, వంశావళులు, పాలించిన ఏళ్లు లెక్కకడతారు. శాతవాహనుల చరిత్రలో మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం నాణేల మీంచి ఏరుకున్నదే. నిజాం రాజ్యపు పురావస్తు శాఖకు గులాం యజ్దానీ అధిపతిగా ఉండగా 1940ల మొదట్లో మెదక్ జిల్లా కొండాపూర్‌లో తవ్వితే నాణేలు గుట్టలుగా దొరికాయి, నాణేలు పోసే మట్టి మూసలూ దొరికాయి. అంటే రెండు వేల ఏళ్ల కిందట మన ఊళ్ల పక్కనే మా పనిలాంటి పని జరుగుతుండేది. చేసింది ఎవరు? రాజు పేరు ఉంది. పనివాడి వేలిముద్ర మట్టి మూస మీద ఉంటే ఉండవచ్చు.

మాటలనే తీసుకోండి. రూపాయి అన్న మాట 'రూప్యం' నుంచి వచ్చింది. రూపం కొట్టబడినది అని పాణిని కాలం నాటికే అర్థం. అరబ్బీలో 'జర్బ్' అంటే కొట్టడం. అందుకే టంకశాలను దారుల్ జర్బ్ అన్నారు, దెబ్బల ఇల్లు అని. ఉర్దూ బడిలో గుణకారాన్ని కూడా జర్బ్ అనే నేర్పారు నాకు. చాలాకాలం ఆ రెంటికీ సంబంధమేమిటో తెలియక పంతులు కొట్టే దెబ్బే అనుకున్నాను. 'సిక్కా' అన్న మాటకు మొదటి అర్థం నాణెం కాదు, నాణెం కొట్టే అచ్చు. అచ్చు పేరే నాణేనికి అంటుకుంది. అదే మాట ఇటలీ దాకా పోయి అక్కడి టంకశాలకు 'జెక్కా' అన్న పేరైంది. సంస్కృతంలో ముద్ర అంటే ఉంగరం కూడా. రాజు టంకశాలలోనూ మా ఉంగరం టంకంలోనూ ఒకే మాట వినిపిస్తుంది. ఏ భాషలో చూసినా మా పనిముట్లే ఉన్నాయి, మేం మాత్రం లేము.

ఒక్క చోట దొరికాడు. అక్బరు కాలంలో అబుల్ ఫజల్ రాసిన 'ఆయినె అక్బరీ'లో టంకశాల పనివాళ్ల జాబితా ఉంది. కరిగించేవాడు, రేకు సాగగొట్టేవాడు, బిళ్లలు కోసేవాడు, రెండు అచ్చుల నడుమ బిళ్ల పెట్టేవాడు, సుత్తి వేసేవాడు. అందరి కూలీలూ లెక్కగట్టి రాశాడు. అచ్చు చెక్కే ఆయనకు మాత్రం పేరు పెట్టి రాశాడు: ఢిల్లీకి చెందిన మౌలానా అలీ అహ్మద్. ఉక్కు మీద ఆయన చెక్కే అక్షరం కాగితం మీద గొప్ప ఖుష్‌నవీసులు రాసిన దానికి తీసిపోదని, ఆయనకు సాటి ఏ దేశంలోనూ లేడని మెచ్చుకున్నాడు. ఆయన కింద ఇద్దరు పనివాళ్లున్నారు, ఒక్కొక్కరికి నెలకు 600 దాములు. నలభై దాములు ఒక రూపాయి, అంటే నెలకు పదిహేను రూపాయలు. ఆ ఇద్దరి పేర్లు మళ్లీ లేవు. మా దాదా ఆ ఇద్దరి జాతి.

పైనున్న పేరు ఎవరిది అన్న తగాదా ఇప్పుడు నడుస్తున్నది కాబట్టి ఇంకో సంగతి చెప్పాలి. పేరు ఒకరిది, భాష ఒకరిది, చెయ్యి ఒకరిది కావడం నాణేల చరిత్ర అంతటా ఉంది. గజనీ మహమూద్ పేరు చెబితే సోమనాథ్ ఒక్కటే గుర్తు చేస్తారు. అదే మహమూద్ లాహోరులో కొట్టించిన వెండి నాణెం మీద ఒక వైపు కలిమా సంస్కృతంలో ఉంది. ముహమ్మద్ ఘోరీ బంగారు నాణెం మీద లక్ష్మీదేవి కూర్చుని ఉంటుంది. హైదర్ అలీ నాణెం మీద శివపార్వతులున్నారు. ఇది వాళ్ల ఉదారత అని నేననను. జనం చేతికి అలవాటైన బొమ్మ లేకపోతే నాణెం చెల్లదు, అంతే. ఈస్టిండియా కంపెనీ వాళ్లు కూడా 1835 దాకా మొగలు పాదుషా షా ఆలం పేరుతో ఫారసీలో రూపాయలు కొట్టారు. షా ఆలం చనిపోయింది 1806లో. చనిపోయిన మనిషి పేరుతో, ఆయన పాలనలో 19వ ఏడు అని ఆ ఏడును కదలకుండా పాతిపెట్టి, కొడుతూ పోయారు. ఇంగ్లీషువాళ్లకు ఫారసీ రాక కాదు, మార్చితే బజారు ఒప్పుకోదని.

మన దగ్గర ఆసఫ్‌జాహీలు 1857 దాకా ఢిల్లీ పాదుషాల పేరే వేశారు. మొగలాయీ పోయాక పాదుషా పేరు తీసేసి ఆసఫ్‌జా పేరు, 92 అన్న అంకె వేశారు. అరబ్బీ అక్షరాలకు విలువలు కట్టే లెక్కలో ముహమ్మద్ అన్న పేరు 92 అవుతుంది: మీమ్ నలభై, హే ఎనిమిది, మళ్లీ మీమ్ నలభై, దాల్ నాలుగు. గద్వాల, నారాయణపేట లాంటి చోట్ల కూడా టంకశాలలుండేవి. సంస్థానాధీశులు రెడ్లయినా బ్రాహ్మలైనా నాణెం మీది లిపి ఫారసీయే.

ఆ నాణేలన్నీ చేత్తో కొట్టినవి. కింది అచ్చు మొద్దులో బిగించి ఉంటుంది, పై అచ్చు చేత్తో పట్టుకుంటారు, నడుమ వెండి బిళ్ల, మీద సుత్తి. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. అందుకని రాత మొత్తం ఒక్క నాణెం మీద ఎప్పుడూ పడదు. ఒకదాని మీద పాదుషా పేరు సగం, ఇంకోదాని మీద ఊరు పేరు సగం. పది నాణేలు పక్కపక్కన పెడితే గానీ వాక్యం పూర్తి కాదు.

తర్వాత మిషను వచ్చింది. ఇంగ్లీషు రూపాయిని మన తెలంగాణలో 'కల్దార్' అనేవాళ్లు. కల్ అంటే యంత్రం, యంత్రం మీద చేసినది అని. నిజాం రూపాయి 'హాలీ సిక్కా'. నూరు కల్దార్లకు నూట పదహారు రూపాయల పదణాల ఎనిమిది పైసల హాలీ. సుమారుగా ఆరుకు ఏడు. ఈ లెక్క ఊరికే పుట్టలేదు. హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు, అందులో నూటికి దాదాపు 82 పాళ్లు వెండి. కల్దార్ 11.66 గ్రాములు, నూటికి దాదాపు 92 పాళ్లు. హెచ్చవేసి చూడండి, ఆరుకు ఏడే వస్తుంది. అవుసలివాళ్లకు ఈ లెక్క కాగితం లేకుండానే తెలుసు. హాలీ కరిగిస్తే ఎంత తరుగు పోతుందో చెప్పేవాళ్లు. లంబాడి ఆడవాళ్లు చారాణ, ఆఠాణ బిళ్లలను కరిగించకుండానే వెనకాల పట్టీ అతికించి ఉంగరాలుగా పెట్టుకునేవాళ్లు. అచ్చు రాజుది, పట్టీ మాది.

హైదరాబాదు టంకశాలకు 1895లో యూరపు యంత్రాలు వచ్చాయి. 1903లో అది సైఫాబాదుకు మారింది. ఆ రోజుల్లోనే చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయి వచ్చింది. భూతద్దం పెట్టి చూడండి, నడిమి కమాను కింద ఒక అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఐన్. ఇప్పుడు బిళ్ల నిండా బొమ్మ పడుతుంది, అంచున గీతలు పడతాయి, ఏ రూపాయి చూసినా మరో రూపాయిలాగే ఉంటుంది. చేతి అచ్చులవాళ్లకు టంకశాలలో పని ఉడిగింది. రాజుకు అక్కర్లేని విద్య ఊళ్ల మీద పడి ఉంగరాలు, మెట్టెలు, బిళ్లలు చేసుకుని బతికింది. మా ముత్తాతలు టంకశాల వాళ్లని మా దాదీ అనేది. దానికి నా దగ్గర కాగితం ఏదీ లేదు. నేను దాన్ని చరిత్రగా చెప్పడం లేదు. పేదవాళ్లు తమ పనికి ఒక రాజద్వారం ఊహించుకుంటారు, అంతవరకే.

ఎందుకంటే మాకు అసలు తంటా ఆ రాజద్వారంతోనే. హైదరాబాదు ముస్లిం అనగానే నవాబు గుర్తొస్తాడు. షేర్వానీ, అత్తరు, బిర్యానీ, దివాన్‌దేవిడీ. సినిమాల్లో అదే, పాఠాల్లో అదే, మమ్మల్ని తిట్టేవాళ్ల నోట్లోనూ అదే. "మీరు నాలుగు వందలేండ్లు ఏలినోళ్లు గదా" అంటారు. ఎవరు ఏలారు? మా దాదా ఏలింది ఒక దాగలిని. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినప్పుడు ఏలినవాళ్లకు బిరుదులు, భరణాలు మిగిలాయి. దెబ్బలు పడ్డది ఎవరి మీద? పండిత్ సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ఆ నెలలో దాదా ఒక రాత్రి చార్మినార్ కమాను బొమ్మ ఉన్న అచ్చులు నాలుగు ఏరి, కుంపట్లో కాల్చి, సుత్తితో మొహాలు కొట్టి చదును చేశాడని దాదీ చెప్పేది. వాటి మీద మకుటమో పేరో లేదు, ఉత్త కమాను. అయినా భయం. ఆ నాలుగూ సందూకులో ఉన్నాయి. చదునైన మొహం మీద ఒక దాంట్లో మినారు కొస ఇంకా కనిపిస్తుంది.

1950లో టంకశాల భారత ప్రభుత్వం చేతికి పోయింది. హాలీ సిక్కా 1959 దాకా చెల్లి ఆగిపోయింది. చెల్లని డబ్బు కరిగి గొలుసులు, కడియాలైంది. సైఫాబాదు టంకశాల 1997లో చర్లపల్లికి తరలింది, పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. నేను పోయి చూశాను. యంత్రాలు నూనె రాసి నిలబెట్టారు.

మా పనిని చంపింది మాత్రం టంకశాల యంత్రం కాదు. దాదా 1995లో పోయాడు. అప్పటికే సంతల్లో మిషను ప్రెస్సు ఉంగరాలు గ్రోసుల లెక్కన దిగుతున్నాయి. చిలకలపూడి బంగారు పూత సామాను ఎప్పటి నుంచో ఉన్నది, అది వేరే గిరాకీ. ఇవి రాగీ కాదు ఇత్తడీ కాదు, పూత మీద పూత. మా ఉంగరం ధరకు అవి మూడు వచ్చేవి. అబ్బా కొన్నాళ్లు దాదా అచ్చులతో కొట్టాడు. తర్వాత అచ్చుల పేరుతో ఒక లోహపు పనుల షెడ్డులో చేరి మిషను తొక్కాడు. అక్కడ ఆయన కుడిచేతి చూపుడువేలు కొస పోయింది. నేను బి.ఏ. చదివి పేపర్లో చేరినప్పుడు అబ్బా నవ్వి "నువ్వు గూడ అచ్చు పనికే పోయినవ్" అన్నాడు. కౌంటరు దగ్గరి ఆయన మాట ఆయనకు చాలా ముందే తట్టింది.

ఇక ఆ దరఖాస్తు గడి సంగతి. 1970లో వెనకబడిన తరగతుల జాబితా వచ్చినప్పుడు ముస్లిముల్లో దూదేకుల, మెహతర్ వాళ్లకు చోటు దొరికింది. మిగిలిన పనివాళ్లంతా 'ముస్లిములు' అన్న ఒక్క ముద్ర కింద ఉండిపోయారు. 2004లో ముస్లిములందరికీ కలిపి ఐదు శాతం ఇస్తామన్నారు, హైకోర్టులో నిలవలేదు. 2005లో చట్టం చేశారు, అదీ నిలవలేదు. 2006లో సచార్ కమిటీ దేశమంతా మా పరిస్థితి అంకెల్లో చెప్పింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక వచ్చాక మతం లెక్కన కాక వృత్తి, వెనకబాటు లెక్కన గుంపులు గుర్తించి నాలుగు శాతంతో బి.సి.-ఇ. చట్టం చేశారు. 2010లో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. ఆ ఏడే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నిలబడింది. ఆ జాబితా నేను ఒక పద్యంలా చదువుకుంటాను. అత్తరు సాయిబులు, ధోబీ ముస్లిములు, ఫకీర్లు, గారడీవాళ్లు, గుడ్డి ఎలుగువాళ్లు, హజాములు, ఖురేషీలు, సిద్దీలు, తురకకాశలు, రోళ్లకు కక్కు కొట్టేవాళ్లు. అందులో మొట్టమొదటి పేరు అచ్చుకట్టలవాండ్లు. సింగాలి, సింగంవాళ్లు, అచ్చుపనివాళ్లు, అచ్చుకట్టువారు అన్నవి దాని పక్కనే ఉన్న మారుపేర్లు. సయ్యదులు, మొగలులు, పఠానులు, అరబ్బులు, ఇరానీలు, బోహ్రాలు, ఖోజాలు ఇందులోకి రారని అదే చట్టం చెప్పింది.

ఆ రోజుల్లో మావాళ్లలోనే పెద్దలు కొందరు కోపం తెచ్చుకున్నారు. ఇస్లాంలో కులం లేదు, ఇది చీల్చే పన్నాగం అన్నారు. మసీదులో వరసలో కులం లేదు, ఒప్పుకుంటాను. పెళ్లి సంబంధంలో ఉంది. మా మేనత్తకు చదువుకున్న ఇంటి సంబంధం వచ్చి, "ఠప్పేవాలే హైఁ" అన్న ఒక్క మాటతో వెనక్కి పోయింది. ఆ మాట అన్నది హిందువులు కాదు. నవాబుల పేరు చెప్పి మమ్మల్ని బయటివాళ్లు కొడుతుంటే, పని పేరు చెప్పి లోపలివాళ్లు దూరం పెట్టారు. కులం లేదన్న మాట మాకు గౌరవం ఇచ్చి ఉంటే దాన్ని మేమే ముందు పాడేవాళ్లం.

అందుకని ఆ రోజు కౌంటరు దగ్గర నేను షేక్ అని దిద్దలేదు. దరఖాస్తుతో పాటు చట్టం కాపీ జతచేసి మళ్లీ ఇచ్చాను. మూడుసార్లు తిరిగాను. పత్రం వచ్చింది. అందులో 'అచ్చుకట్టు' దగ్గర ఒత్తు పోయి 'అచ్చుకటు' అని పడింది. మా అమ్మాయి దిద్దించమంది. సీటు గడువు దగ్గరపడిందని అట్లాగే ఇచ్చేశాం. ఎవరూ అడగలేదు.

సందూకులో 31 అచ్చులున్నాయి. చదును చేసిన నాలుగూ పోతే 27. పాత ఇనుము కొనేవాడు తూకం వేసి ధర చెప్పి పోయాడు. మా అమ్మాయి ఒక ఆదివారం కూర్చుని, ఒక్కో అచ్చునూ మెత్తబడ్డ ఒంటిసబ్బు ముక్క మీద ఒత్తి, వచ్చిన బొమ్మను నోటుబుక్కులో గీసి, పక్కన పేరు రాసింది. పేర్లు నేను చెప్పాను, నాకు తెలియనివి అబ్బా చెప్పాడు: కంకి, పడగ, చాంద్, చిలుక, చమేలీ తీగ, శ్రీ, 786, జంట చేపలు. ఇరవై దాకా వచ్చాయి. మిగిలిన ఏడు బొమ్మలను అబ్బా కళ్లద్దాలు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని చూశాడు. ఒకటి దానిమ్మ కావచ్చన్నాడు, మళ్లీ కాదన్నాడు. ఆ ఏడింటి పక్కన నోటుబుక్కులో జాగా వదిలి పెట్టింది.